ఉందా, లేదా, అడగలేకపోయామా? – సాస్ మెటాడేటాలో ఒక చిన్న పరీక్ష



"హైదరాబాద్‌ల సాస్ ప్రోగ్రామర్ అంటే రోజంతా ఏం జేస్తరన్నా?" అని డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న తమ్ముళ్లు తరచుగా అడుగుతుంటారు. మేము పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సగటు, ప్రామాణిక విచలనం, టి-పరీక్ష లెక్కలు వేస్తూ కూర్చుంటామని వారి ఊహ. ఆ లెక్కలూ ఉంటాయి. కానీ వాటికి కంప్యూటర్‌కు క్షణం కూడా పట్టదు. మా సమయం ఎక్కువగా పోయేది, చూడటానికి చాలా చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్న మీద. నేను లెక్క వేయబోయే పట్టిక అసలు అక్కడ ఉందా?

ఈ ప్రశ్నకు "ఉంది", "లేదు" అని రెండే జవాబులు ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరిదీ అదే అభిప్రాయం. నిజానికి ఇంకొక జవాబు కూడా ఉంది. "అడగడానికి వెళ్లాను, తలుపు తెరవలేదు." ఈ మూడో జవాబును మొదటి రెండింటిలో ఏదో ఒకదానిలో కలిపేస్తే ఎంత నష్టం జరుగుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెటాడేటా అంటే మన స్టాక్ రిజిస్టర్

మెటాడేటా అనే మాట విని భయపడనక్కరలేదు. సమాచారం గురించిన సమాచారమే మెటాడేటా. మన హాస్టల్ స్టాక్ రిజిస్టర్‌నే తీసుకోండి. ట్రంకు పెట్టెలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని, స్టీలు కంచాలు ఎన్ని, అవి ఏ తేదీన వచ్చాయి, ఏ గదిలో పెట్టారు, తాళం ఎవరి దగ్గర ఉంది, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. దుప్పటి మాత్రం రిజిస్టర్‌లో ఉండదు, స్టోర్ రూములో ఉంటుంది. డిసెంబర్ చలిలో రిజిస్టర్ కప్పుకుని పడుకోలేం కదా! కానీ రిజిస్టర్ లేకపోతే ఏ దుప్పటి ఎక్కడుందో వార్డెన్ సార్‌కు కూడా తెలియదు.

సాస్ అనే సాఫ్ట్‌వేర్ అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో 1960ల చివర మొదలైన పని నుంచి పుట్టింది. వ్యవసాయ పరిశోధనల లెక్కలు దాని తొలి అవసరాల్లో ఒకటి. అంటే పంటల లెక్కల నుంచి వచ్చినదే. బోధన్ ప్రాంతం పిల్లలమైన మనకు అది పరాయిది కాదనుకోవచ్చు! 1976లో దాన్ని నడిపేందుకు కంపెనీ ఏర్పడింది.  9వ వెర్షన్ కాలానికి పెద్ద సంస్థల్లో వందలమంది ఒకే సర్వర్ మీద పనిచేసే పద్ధతి బాగా పెరిగింది. ఏ పట్టిక ఎక్కడుంది, అందులో ఏయే నిలువు వరుసలున్నాయి, దాన్ని చూసే హక్కు ఎవరికుంది అనే వివరాలన్నింటినీ ఒకచోట రాసిపెట్టే యంత్రాంగం అవసరమైంది. అదే మెటాడేటా సర్వర్. మన భాషలో చెప్పాలంటే, తాళం వేసిన గదిలో కూర్చుని అడిగినవారికి రిజిస్టర్ చూసి చెప్పే గుమాస్తా.

ఆ రిజిస్టర్‌లోని ప్రతి నమోదునూ ఆబ్జెక్ట్ అంటారు. పట్టిక ఒక ఆబ్జెక్ట్. పట్టికలు పెట్టుకునే లైబ్రరీ మరొక ఆబ్జెక్ట్. నిలువు వరుస ఒకటి, ఉద్యోగి ఒకటి. ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఒక రకం, ఒక పేరు, 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆ 17లో మధ్యలో ఒక చుక్క, దానికి ఇటు 8, అటు 8. ముందరి 8 ఏ భాండాగారమో చెబుతాయి, తర్వాతి 8 అందులో ఏ వస్తువో చెబుతాయి. మన హాల్‌టికెట్ నంబరులో ముందు సెంటర్, తర్వాత విద్యార్థి వరుస ఉన్నట్టే అనుకోండి.

గుమాస్తాను అడిగే పద్ధతి

రిజిస్టర్‌లో ఫలానా ఆబ్జెక్ట్ ఉందో లేదో అడగడానికి సాస్‌లో ఒక ఫంక్షన్ ఉంది. దాని పేరు మెటాడేటా రిజాల్వ్. ఇంగ్లిషులో రాసేటప్పుడు రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ పెడతారు. దీనికి మూడు ఇవ్వాలి. మొదటిది మన ప్రశ్న. ఏ రకం ఆబ్జెక్ట్, దాని పేరేమిటి అనేది ఒకే వాక్యంగా, ఓఎంఎస్‌ఓబీజే అనే అక్షరాలతో మొదలుపెట్టి రాస్తారు. "ఫిజికల్ టేబుల్ రకంలో, పేరు ఫలానా ఉన్నది" అని దాని భావం. రెండోది, మూడోది ఖాళీ పాత్రల్లాంటివి. జవాబు వచ్చినప్పుడు ఒకదానిలో రకం, మరొకదానిలో గుర్తింపు సంఖ్య నింపి ఇస్తుంది. ఈ రెండు పాత్రలకూ ముందుగానే తగిన పొడవు ప్రకటించి, ఖాళీగా ఉంచి ఇవ్వాలి. లేకపోతే జవాబు సరిగా పట్టదు. గ్లాసు పట్టుకెళ్లి బకెట్ సాంబారు పోయమంటే ఏమవుతుందో మనకు తెలిసిందే.

ఇక ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఒక సంఖ్య. అసలు సంగతంతా ఆ సంఖ్యలోనే ఉంది. 1 వస్తే, ఆ పేరుతో ఒకటి ఉంది. 2, 3 వస్తే, అన్ని ఉన్నాయి. 0 వస్తే, ఏదీ దొరకలేదు. మైనస్ 1 వస్తే, గుమాస్తా దగ్గరికే చేరలేకపోయాం.

ఈ మైనస్ 1 ఎందుకు వస్తుంది? సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. నెట్‌వర్క్ తెగి ఉండవచ్చు. సర్వర్ చిరునామా, పోర్టు నంబరు ప్రోగ్రాంలో రాయకపోవచ్చు. మామూలుగా ఆ పోర్టు 8561, కానీ కొన్ని సంస్థల్లో మారుస్తారు. పాస్‌వర్డ్ గడువు తీరి ఉండవచ్చు. ఇది రాత్రిపూట తమంతట తాము నడిచే ప్రోగ్రాంలకు ఎక్కువగా ఎదురయ్యే కష్టం. మనిషైతే తెర మీద అడిగినప్పుడు కొత్త పాస్‌వర్డ్ కొడతాడు. అర్ధరాత్రి 2 గంటలకు నడిచే ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ మారిందన్న కబురు ఎవరు మోసుకెళ్లాలి?

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ప్రోగ్రామర్ తొందరలో "ఒకవేళ మెటాడేటా రిజాల్వ్ నిజమైతే, పట్టిక ఉన్నట్టు" అని ఒక్క వరుస రాసి ఊరుకుంటాడు. సాస్ భాషలో 0, ఖాళీ విలువ, ఈ రెండు మాత్రమే అబద్ధం. మిగతా ప్రతి సంఖ్యా నిజమే. అది రుణ సంఖ్య అయినా సరే. అంటే మైనస్ 1 కూడా నిజమే! సర్వర్ ఆగిపోయిన రాత్రి ఆ ప్రోగ్రాం, అడిగిన ప్రతి పట్టికా "ఉంది" అని రాసిపెడుతుంది. లేని పేరు చెప్పినా ఉందంటుంది. తాళం వేసి ఉన్న స్టోర్ రూము ముందు నిలబడి, లోపల అన్నీ భద్రంగా ఉన్నాయని సంతకం పెట్టినట్టు.

దీన్ని తెలుసుకున్నవారు కొందరు రెండో వైపుకు పోతారు. "0 కంటే ఎక్కువైతే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు" అని రాస్తారు. ఇది కొంత మేలు. కానీ ఇప్పుడు సర్వర్ ఆగిన రాత్రి ప్రతిదీ "లేదు" అవుతుంది. "లేకపోతే కొత్తది తయారుచేయి" అని దాని కిందే మరో వరుస ఉందనుకోండి. అడిగే క్షణంలో సర్వర్ పునఃప్రారంభం అవుతూ ఉండి, తయారుచేసే క్షణానికి లేచి కూర్చుంటే, ఉన్నదానికి తోడు మరో నమోదు పుడుతుంది. తెల్లవారేసరికి ఒకే పేరుతో రెండు. ఏది అసలో, ఏది నకలో తేల్చడానికి ఒక మనిషి వారం రోజుల శ్రమ. ఇలాంటిది కళ్లారా చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి మూడు దారులు విడివిడిగా రాయాలి. 0 కంటే ఎక్కువైతే ముందుకు వెళ్లాలి. సరిగ్గా 0 అయితే లేదని రాయాలి. 0 కంటే తక్కువైతే అక్కడే ఆగి, "సర్వర్‌ను అడగలేకపోయాను" అని లాగ్‌లో స్పష్టంగా రాసి, కొంతసేపు ఆగి మళ్లీ అడగాలి. నాలుగు వరుసలు ఎక్కువ రాయాలి, అంతే.

ఇక్కడే ఇంకో తిరకాసు చెప్పాలి. ఇదే కుటుంబంలో మెటాడేటా గెట్ అట్ట్రిబ్యూట్ అని మరో ఫంక్షన్ ఉంది. ఆబ్జెక్ట్‌కు సంబంధించిన ఒక లక్షణాన్ని తెచ్చి ఇస్తుంది. దానిలో 0 అంటే పని విజయవంతమైందని అర్థం! ఆబ్జెక్ట్ దొరకకపోతే మైనస్ 3 ఇస్తుంది. ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకరి సున్న మరొకరి సున్నకు పూర్తిగా వ్యతిరేకం. లైబ్రరీకి దారి ఏర్పడి ఉందా అని అడిగే లిబ్‌రెఫ్ ఫంక్షన్‌దీ ఇదే పద్ధతి, ఉంటే 0, లేకపోతే వేరే సంఖ్య. రాసినవాళ్లకు ఏదో ఒక పద్ధతి మీద నిలబడాలని ఎందుకు తోచలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బట్టీ పట్టడం కంటే వాడే ముందు ప్రతిసారీ సహాయ పుస్తకం తెరిచి చూడటం ఉత్తమం.

సున్న వచ్చినా తొందరపడకూడదు

సర్వర్ బాగానే పలికింది, 0 అని చెప్పింది. అప్పుడైనా ఆ వస్తువు లేనట్టేనా? కాదు.

సాస్ మెటాడేటాలో ప్రతి ఆబ్జెక్ట్‌కూ "రీడ్ మెటాడేటా" అనే అనుమతి ఉంటుంది. అది లేనివారికి ఆ ఆబ్జెక్ట్ అసలు కనబడదు. "ఉంది కానీ నీకు చూపించను" అని గుమాస్తా అనడు. మౌనంగా 0 ఇస్తాడు. అదే ప్రశ్నను పక్క సీటులోని మరొకరు తమ పేరుతో అడిగితే 1 వస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఉందని ఒకరు, లేదని ఒకరు గంటసేపు వాదించుకోవడం మా ఆఫీసుల్లో మామూలే. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అందుకే "లేదు" అని రాసేటప్పుడు "ఫలానా వాడుకరి పేరుతో అడిగితే కనబడలేదు" అని రాయడం సరైన పద్ధతి. లేదన్న జవాబులో అడిగింది ఎవరన్నది కూడా ఒక భాగం.

ఇక పేరు సంగతి. మన జిల్లా కేంద్రానికి ఇందూరు అని పాత పేరు. ఇప్పటికీ పెద్దవాళ్లు, కవులు, పత్రికలవాళ్లు ఇందూరు అంటారు. ఒక జాబితాలో నిజామాబాద్ అని ఉంటే, మీరు ఇందూరు అని వెతికితే 0 వస్తుంది. ఊరు లేనట్టా? 2016 అక్టోబర్ 11న కామారెడ్డి కొత్త జిల్లా అయింది. బాన్సువాడ, ఎల్లారెడ్డి అందులోకి వెళ్లాయి. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా కింద బాన్సువాడను వెతికితే దొరకదు. ఊరు ఎక్కడికీ పోలేదు, రాసిన చోటు మారింది. సాస్‌లో కూడా ఆబ్జెక్ట్‌ను ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు మారిస్తే దారి మారుతుంది, 17 అక్షరాల గుర్తింపు సంఖ్య మారదు. అందుకని ముఖ్యమైన వస్తువులకు పేరుతోపాటు ఆ సంఖ్యనూ రాసిపెట్టుకోవడం మంచిది.

రకం తప్పు చెప్పినా సున్నే వస్తుంది. దీనికి మెటాడేటా దాకా పోనక్కరలేదు. మామూలు సాస్‌లో ఎగ్జిస్ట్ అనే ఫంక్షన్‌కు పట్టిక పేరు ఇస్తే, ఉంటే 1, లేకపోతే 0 ఇస్తుంది. కానీ రకం చెప్పకపోతే అది డేటా రకాన్నే వెతుకుతుంది. మీరు అడిగినది వ్యూ అయితే, కళ్లముందు కనిపిస్తున్నా 0 అంటుంది. "పెట్టెలున్నాయా?" అంటే లేవంటుంది, "బీరువాలున్నాయా?" అంటేనే చెబుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, లైబ్రరీకి దారే ఏర్పడకపోయినా ఎగ్జిస్ట్ ఇచ్చేది అదే 0. దీనికి మైనస్ 1 అనే మర్యాద తెలియదు. కాబట్టి ముందు లిబ్‌రెఫ్‌తో దారి ఉందో లేదో చూసి, తర్వాతే ఎగ్జిస్ట్‌ను అడగాలి. రోడ్డు లేనప్పుడు ఊళ్లో ఇల్లు ఉందా అని అడిగి ఏం ప్రయోజనం?

రిజిస్టర్‌లో ఉంది, గదిలో లేదు

బోధన్ ప్రాంతంవాళ్లకు దీన్ని నేను విడమరచి చెప్పనక్కరలేదు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండింది, ఫ్యాక్టరీ చుట్టూ కాలనీ వెలిసింది, దానికి శక్కర్‌నగర్ అని పేరు పడింది. 2002లో ప్రైవేటు వాటా వచ్చింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీని మూసివేశారు. మా హాస్టల్‌లో సగంమంది ఏదో ఒక విధంగా ఆ ఫ్యాక్టరీ మీద బతికిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. చెరకు కొట్టినవాళ్ల పిల్లలు, బండి తోలినవాళ్ల పిల్లలు, సీజన్‌లో కూలికి వెళ్లినవాళ్ల పిల్లలు. మూసిన తర్వాత కూడా శక్కర్‌నగర్ పేరు శక్కర్‌నగరే. పటంలో ఉంది, చిరునామాల్లో ఉంది, బస్సులో కండక్టర్‌ను అడిగితే టికెట్ కొట్టి ఇస్తాడు. పేరు ఉండటానికీ, పొగగొట్టం నుంచి పొగ రావడానికీ మధ్య ఉన్న తేడా ఏమిటో 2015 తర్వాత అక్కడివారికి పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేకుండా పోయింది.

మెటాడేటా సర్వర్ 1 అని చెప్పడం అంటే పేరు నమోదై ఉందని మాత్రమే. పట్టిక ఉన్న ఫైలును ఎవరో సర్వర్ నుంచి చెరిపేసి ఉండవచ్చు. చెరిపినవాళ్లు రిజిస్టర్‌లో కొట్టివేయాలన్న నియమం ఆచరణలో ఎంతవరకు నడుస్తుందో స్టాక్ రిజిస్టర్లు చూసినవారికి తెలుసు. దీనికి ఎదురు సంగతి కూడా జరుగుతుంది. ఫైలు భేషుగ్గా ఉంటుంది, రిజిస్టర్‌లో ఎక్కించడం మరచిపోతారు. అందుచేత రెండు పరీక్షలూ చేయాలి. మెటాడేటా రిజాల్వ్‌తో రిజిస్టర్‌ను, ఎగ్జిస్ట్‌తో గదిని. రెండూ ఒప్పుకుంటేనే పని మొదలుపెట్టాలి. ఒకటి అవునని, ఒకటి కాదని చెబితే అది ప్రోగ్రాం తీర్చే తగవు కాదు, మనిషి వెళ్లి చూడాలి.

2, 3 వచ్చిన సందర్భం గురించి ఒక్క మాట. వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరుతో పట్టికలు ఉండవచ్చు. మన హాజరు పట్టీలో ఒకే పేరు ఇద్దరికి ఉంటే వార్డెన్ సార్ ఇంటి పేరుతో పిలిచేవారు గుర్తుందా? అదే పద్ధతి. ఫోల్డర్ దారి కూడా చేర్చి అడగాలి. ఎన్ని వచ్చినా మొదటిది తీసుకుని పోయే ప్రోగ్రాం అదృష్టం మీద నడుస్తున్నట్టే.

ఖర్చు లేకుండా మీరే చూడవచ్చు

మెటాడేటా సర్వర్ పెద్ద కంపెనీల్లోనే దొరుకుతుంది. సాస్ వారి కొత్త వేదిక వయాలో ఆ పాత సర్వరే లేదు, దాని స్థానంలో వేరే ఏర్పాటు ఉంది. మరి పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఇదంతా ఎలా అభ్యాసం చేయాలి? ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇద్దరి పేర్లలోనూ మొదటి అక్షరం అదే! 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. కళాశాల ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది.

దాన్ని తెరవగానే, ఇంకా ఏమీ తయారుచేయకుండానే, ఎగ్జిస్ట్స్ అనే ఫంక్షన్‌కు కొటేషన్ గుర్తుల మధ్య డి, ఎఫ్ అనే రెండు చిన్న అక్షరాలు ఇచ్చి చూడండి. మీరు ఆ పేరుతో ఏదీ చేయలేదు కదా, "లేదు" అనాలి. "ట్రూ" అంటుంది! ఎందుకంటే స్టాటిస్టిక్స్‌లో ఎఫ్-విభాజనం మీరు చదివారు, దాని సాంద్రతను లెక్కించే ఫంక్షన్ పేరు ఆర్‌లో డిఎఫ్. డేటా ఫ్రేమ్‌కు పొట్టి పేరుగా ప్రపంచమంతా వాడేదీ అదే డిఎఫ్. ఎగ్జిస్ట్స్ ముందు మీ గదిలో వెతుకుతుంది, దొరకకపోతే వరండాలో, అక్కడా లేకపోతే మొత్తం హాస్టల్‌లో వెతికి, ఎక్కడో ఆ పేరుగల మరొకడు కనబడగానే "ఉన్నాడు" అని వచ్చేస్తుంది. మీ గదిలో మాత్రమే చూడమని చెప్పాలంటే ఇన్‌హెరిట్స్ అనే దానికి ఫాల్స్ ఇవ్వాలి. డేటా ఫ్రేమే కావాలంటే మోడ్ అనే దానికి లిస్ట్ అని ఇస్తే ఫంక్షన్లను వదిలేస్తుంది. ఈ రెండూ ఇచ్చి, ఇవ్వక, నాలుగు రకాలుగా నడిపి చూడండి. అరగంటలో ఈ వ్యాసం అంతటికంటే ఎక్కువ అర్థమవుతుంది.

సాస్ కూడా విద్యార్థులకు ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. అందులో ఎగ్జిస్ట్, లిబ్‌రెఫ్ పరీక్షించవచ్చు.

ఇంత గొడవ ఎందుకు?

మేము పనిచేసేది మందుల పరీక్షల లెక్కల మీద. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, వారిలో మన తెలంగాణ హాస్టళ్లలో చదివినవాళ్లు తక్కువేమీ కాదు. అమెరికాలో కొత్త మందు అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు, 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన పరీక్షలకు సీడిస్క్ ప్రమాణాల ప్రకారం పట్టికలు ఇవ్వాలని నియమం. పట్టికలతోపాటు డిఫైన్ అనే ఫైలు కూడా పంపుతారు. ఏయే పట్టికలు పంపుతున్నాం, ఒక్కొక్క దానిలో ఏయే నిలువు వరుసలున్నాయి, వాటి అర్థమేమిటి అని చెప్పే జాబితా అది. మళ్లీ మెటాడేటానే. ఆ పట్టికల్లో ఒకటి ఏఈ. మందు తీసుకున్నవారికి వచ్చిన ఇబ్బందులన్నీ అందులో ఉంటాయి. తల తిరగడం, వాంతులు, దద్దుర్లు, ఆస్పత్రిలో చేరడం, మరణం.

ఇప్పుడు ఒక ప్రోగ్రాం ఏఈ పట్టిక కోసం అడిగింది, దారి తెగి ఉండటం వల్ల 0 వచ్చింది. "పట్టిక లేకపోతే ఖాళీ నివేదిక ఇవ్వు" అని రాసి ఉంది. నివేదిక అందంగా వస్తుంది. గీతలు సరిగా ఉంటాయి, శీర్షిక సరిగా ఉంటుంది, అన్ని గడుల్లోనూ 0 ఉంటుంది. ఒక జూనియర్ తమ్ముడు ఒకసారి ఫోన్ చేసి, "అన్నా, ఎర్రర్ ఏం రాలే, రిపోర్ట్ మాత్రం అంతా జీరో వచ్చింది, పంపాల్నా?" అన్నాడు. పంపవద్దన్నాను. అడిగాడు కనుక సరిపోయింది. ఆ సున్నలు చదివే డాక్టర్‌కు, ఎవరికీ ఏ బాధా కలగలేదన్న సున్నకూ, మేము చూడలేకపోయామన్న సున్నకూ తేడా తెలిసే మార్గం లేదు.

ఇలాంటి సున్న మనలో చాలామందికి కౌంటర్ అవతల కాక ఇవతల నిలబడి తెలుసు. స్కాలర్‌షిప్ కోసమో, సర్టిఫికెట్ కోసమో వెళ్తే తెర వైపు చూసి "నీ పేరు సిస్టంల లేదు, రేపు రా" అంటారు. రేపు అంటే మళ్లీ బస్సు ఛార్జీ, మళ్లీ ఒక రోజు క్లాసు పోవడం, అమ్మానాన్నలు తోడు వస్తే వారి ఒకరోజు కూలి. ఒక కార్యాలయంలో నాకు అలా మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి, కూర్చున్న ఆయన విసుగు లేకుండా కొంచెం తిప్పి చూస్తే, పేరు మొదటి నుంచీ ఉంది, ఇంటి పేరు అక్షరం ఒకటి తేడాగా ఎక్కింది. ఆ మూడు రోజుల్లో ఒకరోజైతే నెట్టే లేదని పక్కనున్నవాళ్లు తర్వాత చెప్పారు. ఆ తెరను రాసిన ప్రోగ్రామర్ "పేరు దొరకలేదు", "సర్వర్ అందలేదు" అని రెండు వేర్వేరు వాక్యాలు రాసి ఉంటే, ఆ రోజు నేను ఎండలో నిలబడకుండా వెనక్కి వచ్చి రికార్డు పుస్తకం పూర్తిచేసుకునేవాణ్ని.

అందుకే తమ్ముళ్లూ, కౌంటర్ దగ్గర అలా చెబితే మర్యాదగానే, కానీ వదలకుండా మూడు ప్రశ్నలు అడగండి. "సార్, వేరే ఎవరిదైనా పేరు ఇప్పుడు వస్తుందా?" ఎవరిదీ రాకపోతే అది మీ సమస్య కాదు, సర్వర్‌ది. "సార్, పేరుతో కాకుండా నంబరుతో కొట్టి చూస్తారా?" అక్షరాల తేడా ఉంటే ఇక్కడ బయటపడుతుంది. "సార్, మీ లాగిన్‌కు మా కాలేజీ కనబడుతుందా?" అనుమతి సంగతి దీంతో తేలుతుంది. ప్రోగ్రాంలో మేము రాసే పరీక్షలు కూడా సరిగ్గా ఇవే, ఇదే వరుసలో.

స్టాటిస్టిక్స్ తీసుకున్నవారు ఈ సెలవుల్లో ఆర్ ఎక్కించుకుని పైన చెప్పిన డిఎఫ్ ప్రయోగం చేయండి. సాస్‌లో చేయదలచినవారు ఒక చిన్న మాక్రో రాసి చూడండి. ముందు లిబ్‌రెఫ్, తర్వాత ఎగ్జిస్ట్, జవాబు మూడు వేర్వేరు వాక్యాలుగా లాగ్‌లో రావాలి. రాసినది తీసుకుని వచ్చే వార్షికోత్సవానికి నా దగ్గరికి రండి, భోజనాల తర్వాత వరండాలో కూర్చుని కలిసి చూద్దాం.